యాదన్న ముందు కూర్చున్న ఆ పది నిమిషాలు

యాదన్న పోయాడు.

నిన్న పొద్దున అశోక్‌నగర్‌లో మా షాపులో ఎవరివో హాల్ టికెట్లు జిరాక్స్ తీస్తుంటే నర్సింగ్ హోమ్ సిస్టర్ ఫోన్ చేసి చెప్పింది. హార్ట్ అటాక్. డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలోనే కూలబడ్డాడట.

"అవునా" అన్నాను. అంతే.

మిగిలిన కాపీలు తీశాను. పిన్ కొట్టి ఇచ్చాను. తర్వాత షట్టర్ దించాను.

ఇప్పటిదాకా ఏడుపు రాలేదు. నాకేమైందో నాకే తెలియట్లేదు.

యాదన్న మీలో చాలామందికి తెలియదు. నారాయణగూడలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో డ్రెస్సర్. ఆపరేషన్ అయినవాళ్లకు రోజూ పుండు కడిగి కట్టు మార్చే మనిషి. పాలమూరు నుంచి కూలిపనికి వచ్చి, అక్కడ వార్డ్ బాయ్‌గా చేరి, చూసి చూసి పని నేర్చుకున్నాడు.

నాకు ఎలా పరిచయం అంటారా?

ఎనిమిదేళ్ల కింద నాకు ఫిస్టులా ఆపరేషన్ అయింది. మలద్వారం పక్కన చీముగడ్డ లేచి, లోపలి నుంచి బయటికి దారి చేసుకుంటుంది. అదీ ఫిస్టులా అంటే. అప్పట్లో మీ అందరికీ హెర్నియా అని చెప్పాను. సారీ.

ఆరు వారాలు రోజూ డ్రెస్సింగ్. మొదటి రోజు సిగ్గుతో దిండులో మొహం దాచుకుని బోర్లా పడుకున్నాను.

"ఏంది తమ్మి, గంత శరం పడుతున్నవ్? ముక్కెట్లనో గిదట్లనే. కాకపోతే ముక్కు గిన్ని నకరాలు చెయ్యది" అన్నాడు.

అంత నొప్పిలోనూ నవ్వాను. ఆ నవ్వులోనే పాత కట్టు ఊడదీసేశాడు. మహా గడుసువాడు.

ఆయన దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉండేది. ఎవరికి ఏ నెలలో ఆపరేషన్ అయిందో చూసుకుని, ప్రతి ఏడాదీ ఆ నెలలో వాళ్లను కలిసేవాడు. లేదంటే ఫోన్. ఎవరో చెయ్యమన్న పని కాదు.

"ఆర్నెల్లకు అందరు మంచిగనే ఉంటరు తమ్మి. అయిదేండ్లకు అడగాలె. గప్పుడు తెలుస్తది ఆపరేషన్ సంగతి" అనేవాడు.

డాక్టర్ గారు కూడా ఆ నోట్‌బుక్ అడిగి తెప్పించుకుని చూసేవారట.

నాకు మూడో ఏడు మళ్లీ వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. రెండోసారి కోస్తే మోషన్ మీద కంట్రోల్ పోతుందని ఎక్కడో విన్నాను. ఆ భయం ఒకటి. పైగా మా ఆవిడ అప్పటికే గుడికి వెళ్లి మొక్కు తీర్చేసి వచ్చింది. దేవుడి బాకీ తీరిపోయాక రోగం తిరిగొచ్చిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఈ చుట్టుపక్కల మెడికల్ షాపుల వాళ్లందరూ తెలిసినవాళ్లే. అందుకని కోఠి దాకా పోయి కాటన్, గాజుగుడ్డ కొనుక్కునేవాడిని.

యాదన్న ఏటా షాపుకు వచ్చేవాడు. "ఎట్లుంది తమ్మి?"

"సూపర్ అన్నా."

కౌంటర్ వెనక నిలబడే చెప్పేవాడిని. జిరాక్స్ షాపువాడు నిలబడితే ఎవరికీ అనుమానం రాదు. ఆయనకు వచ్చింది.

పోయినేడు చాయ్ తాగుదామని నారాయణగూడలో ఒక హోటల్‌కు తీసుకెళ్లాడు. చెక్క కుర్చీ లాగి వేశాడు.

"ఆపరేషన్ అయినప్పటి సంది నువ్వు కూసున్నది నేనైతే చూడలే. జర కూసో."

కూర్చున్నాను.

పది నిమిషాలు. కింద నిప్పు పెట్టినట్టుంది. అయినా వెనక్కి ఆనుకుని, కాలు మీద కాలు వేసుకుని, జోకులు కూడా వేశాను. అంత మొండితనం ఇంకెందులోనైనా చూపించి ఉంటే బాగుపడేవాడిని.

యాదన్న నోట్‌బుక్ తీసి, నా పేరు ఎదురుగా "పూర్తిగా తగ్గింది" అని రాశాడు. రాసి నాకు చూపించాడు. సొంత తమ్ముడికి సర్కారు నౌకరీ వచ్చినంత సంబరం ఆ మొహంలో.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

నిన్న చిక్కడపల్లిలో వాళ్ల ఇంటి ముందు గల్లీలో కుర్చీలు వేశారు. నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. బాగ్ లింగంపల్లిలో ఉంటాడట, ఆటో నడుపుతాడట. ఆయనకూ ఇదే రోగం. గురువారం ఆపరేషన్.

"వద్దే అనుకున్న అన్న. కూసుంటేనే నాకు బువ్వ. యాదన్ననే ధైర్యం చెప్పిండు. ఏడేండ్ల కింద చేయించుకున్నాయన ఒకాయన కట్టె కుర్సీల ఆరాంగ కూసొని చాయ్ తాగిండంట. యాదన్న తన కండ్లతోటి చూసిండంట. గా ముచ్చట విన్నంకనే డేట్ తీస్కున్న."

"ఆ... ఆ..." అన్నాను.

ఇంతలో పాడె లేపుతున్నారని పిలిచారు. అందరితో పాటు లేచాను. అంబర్‌పేట్ శ్మశానం దాకా వెళ్లాను. ఆ ఆటో ఆయన మళ్లీ కనపడలేదు. పేరు కూడా అడగలేదు.

అందుకే ఇది రాస్తున్నాను.

ఆటో అన్నా, ఆ కుర్చీలో కూర్చున్నది నేనే. నాకు తగ్గలేదు. అయిదేళ్లుగా దాచిపెడుతున్నాను.

ఆపరేషన్ మానుకోవద్దు. తగ్గినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ గురువారం లోపల డాక్టర్ గారిని అడుగు. మళ్లీ వస్తుందా, వస్తే ఏం చేస్తారు, కంట్రోల్ సంగతేంటి, అన్నీ అడుగు. నన్ను చూసి మాత్రం ధైర్యం తెచ్చుకోకు.

ఎవరికైనా ఆ ఆటో ఆయన తెలిసి ఉంటే ఈ పోస్ట్ చూపించండి. ప్లీజ్.

మా ఆవిడకు ఇందాకే చెప్పాను. రేపు తనూ వస్తానంది, నర్సింగ్ హోమ్‌కు.

డాక్టర్ గారిని ఆ నోట్‌బుక్ తెప్పించమని, నా పేరు ఎదురుగా ఉన్నది కొట్టేసి "మూడో ఏడు మళ్లీ వచ్చింది" అని రాయమని అడుగుతాను.

నువ్వు అన్నీ నిజాలే రాశావు యాదన్నా. ఆ ఒక్క అబద్ధం నాది.

వెళ్లి రా అన్నా. మా అందరి పుండ్లు కడిగిన నీ చేతులకు ఇకనైనా విశ్రాంతి దొరకాలి.