చీటీకి ఖాళీ వైపు

చౌటుప్పల్ దగ్గర నాకు చిన్న నర్సరీ ఉంది. అనాస కుటుంబానికి చెందిన పూలమొక్కలు, బ్రొమీలియాడ్లు, పెంచుతాను. కుండీల మీద చీటీలు వానకు చెరిగిపోతే, తోచిన పేరు రాసి అమ్మేవాణ్ణి. ఎవరైనా చీటీ చదువుతుంటే అడుగుతారేమోనని బెదురుండేది; ఎవరూ అడగలేదు కాబట్టి అలాగే సాగింది.

ఒకసారి కొత్తకోటలోని ఒక కాలేజీ తోటకు ఆరు మొక్కలు తీసుకుని బస్సెక్కాను. అక్కడి పిల్లలు మొక్కల పేర్లు ఈ చీటీలు చూసే నేర్చుకుంటారని తెలిసి కూడా, కుండీలు కాళ్ల దగ్గర, చీటీలు ఒడిలో పెట్టుకుని తోచిన పేర్లే రాస్తున్నాను. పక్క సీట్లో కూర్చున్న ముసలామె రెండు కుండీల చీటీలు తీసుకుని కూడబలుక్కుని చదివింది.

"గీ రెండు చెట్లు ఒక్కతీరుగనే ఉన్నయి గద బిడ్డా. పేర్లెందుకు వేరే?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "నాకు సరిగ్గ తెల్వదవ్వా."

ఆమె నవ్వింది. "రేషన్ కార్డుల నా పేరు గూడ ఎవడో గిట్లనే తోచింది రాసిండు. నేను నేనే అని చెప్పుకుంట మూడేండ్లు తిరిగిన. తెల్వకుంటే తెల్వదని రాయరాదు?"

చీటీలు తిప్పి, ఖాళీ వైపు పైకి పెట్టి నా చేతికిచ్చింది. ఆ తర్వాత కొత్తకోట వచ్చేదాకా నిద్రపోయింది. ఆమె పేరు అడగడం నాకు తట్టలేదు.

నాకు పేరు నిజంగా తెలిసినవి రెండే; మిగతా నాలుగు చీటీల మీద 'పేరు తెలియదు' అని రాశాను. కాలేజీలో తోట చూసుకునే మేడమ్ వాటిని చదివి, "మంచిగైంది. పూసినంక పూలు చూసి పేర్లు పిల్లలతోనే కనిపెట్టిద్దాం" అన్నది.

నా చీటీలు ఇంకొకరు చదువుతుంటే బెదురు లేకుండా నిలబడడం నాకు అదే మొదటిసారి.