ఇంకో రెండు మీటర్లు

నేను తెనాలిలో ఫిజిక్స్ టీచర్ని. జవాబు సరిగ్గా ఉన్నా యూనిట్ తప్పు రాస్తే అర మార్కు కోసేస్తాను. ఆ అలవాటే సిరిసిల్లలో నా బీపీ పెంచింది.

కోరుట్లలో స్నేహితుడి గృహప్రవేశానికి వెళ్తూ, సిరిసిల్లలో అతని బావమరిది రాజేశం ఇంట్లో భోజనానికి ఆగాను. నాలుగింటి బస్సుకు బండి మీద దింపుతానన్న ఆ మనిషి, మూడైనా సాంచా దగ్గరి నుంచి కదలడు. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. ఆ టకటకల మధ్య గొంతు చించుకుని అడిగాను.

“ఇంకా ఎంతసేపండీ?”

“రెండు మీటర్లు సార్. గీ తాను అయినంక పోదాం.”

“నేనడిగింది టైమండీ. మీరు పొడవు చెబుతారేంటి?”

రాజేశం నన్ను జాలిగా చూశాడు. “గదే చెప్తున్న కద సార్, రెండు మీటర్లు.”

గంటకు నాలుగు మీటర్లు నేస్తుందని ఎలాగో ఆయన చేత చెప్పించి, అయితే అరగంటే కదా అని పైకే లెక్కకట్టి కూర్చున్నాను. కూర్చున్నానో లేదో కరెంటు పోయింది.

“ఇప్పుడెంతసేపు?”

“గదే, రెండు మీటర్లు.”

కరెంటు గంటన్నర తర్వాత వచ్చింది. రాజేశం నింపాదిగా నేత ముగించి, బట్ట కోసి, బండి తీసేసరికి ఐదయింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. తర్వాతి బస్సైనా అందుకుందామని, మొహం ముడుచుకుని వెనక ఎక్కాను.

“నా మీద కోపమెందుకు సార్? నేను రెండు మీటర్లన్న, రెండు మీటర్లకే లేచిన. అరగంట అన్నది మీరే కద.”