తమ్ముడి తలగడ పక్కన కొక్కెం

2009 మార్చిలో వన్ టౌన్‌లోని పాత ఇనుప సామాన్ల కొట్లో మనవరాలు తుప్పు పట్టిన కొక్కెం ఒకటి ఎత్తి, “ఏటిది అమ్మమ్మా?” అంది. పోర్టు కలాసీలు బస్తాలకు గుచ్చి లాగేదని చెప్పాను. నా తొమ్మిదో ఏట అడిగి ఉంటే, మగపిల్లలకే ఇచ్చే వస్తువని చెప్పేదాన్ని.

అలాంటిదే, చనిపోయిన తాతది, మా అటక మీద ఉండేది. పిడికి ఇంకా గోనె వాసన, చెమట వాసన. అది దేనికో నాకెవరూ చెప్పలేదు, ముట్టుకోనివ్వలేదు. తమ్ముడు పుట్టిన రోజే నానమ్మ దాన్ని దించి వాడి తలగడ పక్కన పెట్టింది. కళ్లైనా సరిగా తెరవని వాడికి తాత ఆస్తి దక్కిందని నాకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం దాన్ని తీసి నా చాప చుట్టలో దాచాను.

గంటలో పట్టుబడ్డాను. నానమ్మ కొట్టలేదు.

“ఓలి కుళ్లుబోతా, పురిటి బిడ్డకాడ ఇనుముంటే గాలీ ధూళీ సోకదే. నువ్వు పుట్టినప్పుడు ఇరవయ్యొక్క రోజులు నీ తలకాడా ఇదే ఉన్నాది.”

“మరి ఈడికో?”

“ఈడికీ అన్నే.”

వాడికీ నాకూ సమానమన్నమాట. అదీ నాకు నచ్చలేదు.

నానమ్మకు లెక్క రాదు. బడికెళ్లేదాన్ని కాబట్టి ఎన్ని రోజులయ్యాయో నన్నే అడిగేది. ఇరవయ్యో రోజు సాయంత్రమే ఇరవయ్యొకటి నిండాయని చెప్పాను. ఆమె నమ్మి కొక్కెం అటకెక్కించేసింది.

తమ్ముడు స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. వాడికి ఏ చిన్న జ్వరం వచ్చినా అందరికంటే ముందు పరిగెత్తేది నేనే. అక్కకు తనంటే ప్రాణమని వాడు అందరికీ చెప్పుకుంటాడు. ఆ ఒక్క రోజు సంగతి వాడికి ఇంతవరకూ చెప్పలేదు.