ఇగ సాలు

ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా అహరోను ముందుగా మౌస్‌ను ఒకసారి గుండ్రంగా తిప్పుతాడు. తెర మీది బాణం చేతి వెంటే వస్తే సరే. వెనకబడితే కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసుకోవడం అతని పని.

చిట్కుల్‌లో అతని ఇంట్లో ఉన్నది మాత్రం ఫ్యాక్టరీ వద్దనుకున్న పాతది. గొంతు క్యాన్సర్ ఆపరేషన్‌లో మాట పోయాక భార్య ఎల్సీ దానితోనే మాట్లాడేది. ఆమె టైపు చేస్తే అది చదివి వినిపించేది. చాలా ఆలస్యంగా.

"తమ్మీ, నీ డబ్బా దోస కాలినంక పిండి అడుగుతది," అనేది పక్కింట్లో ఉండే అక్క లీలమ్మ. ఎల్సీ చప్పుడు లేకుండా నవ్వేది.

రోగం తిరగబెట్టింది. దవాఖానకు పోయి వచ్చిన ప్రతిసారీ ఆమె మంచం పట్టేది. పొద్దున జావ తాగే వేళ అతను అడిగేవాడు: "బుధవారం మళ్ల పోదామా?" ఆమె టైపు చేసేది. ఈలోగా అతను గిన్నెలో జావ పోసేవాడు. రెండో గరిటె వంచబోతుండగా కంప్యూటర్ అనేది: "ఇగ సాలు."

"గింతేనా? ఇంకో గంటె తాగరాదు," అంటూనే గరిటె పక్కన పెట్టేవాడు. ఆమె అతన్ని చూసి, తల దించుకునేది. బుధవారం అతను బండి తీసేవాడు.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కంప్యూటర్‌లో ప్రోగ్రాములన్నిటినీ నడిపే కెర్నల్‌కు ఒక అలవాటు ఉంది. మెమరీ ఇరుకైతే, కాసేపుగా కదలని ప్రోగ్రామును డిస్కులోకి తోసేస్తుంది. ఎల్సీ మౌనంగా ఉన్నప్పుడల్లా ఆమె గొంతును అలాగే అవతల పడేస్తోంది. మళ్లీ తెచ్చేసరికి ఆలస్యం. ఆ అలవాటుకు ఒక అంకె ఉంటుంది, స్వాపినెస్ అంటారు. అరవై ఉన్నదాన్ని పదికి దించాడు. చదివే ప్రోగ్రాముకు ముందు వంతు ఇచ్చాడు.

"ఇప్పుడు సూడు," అన్నాడు సంబరంగా. పరీక్షకు నోటికొచ్చింది అడిగాడు. "బుధవారం దవాఖానకు పోదామా?"

ఆమె టైపు చేసి వేలు ఎత్తీ ఎత్తకముందే కంప్యూటర్ అంది: "ఇగ సాలు."

పొయ్యి మీద ఏమీ లేదు. అతని చేతిలో గరిటె లేదు.

"ఏంది సాలు?" అన్నాడు.

"దవాఖాన. నెల సంది గదే చెప్తున్న. నువ్వు ఇనలేదా, ఇననట్లు చేసినవా?"

"జావ సాలన్నవనుకున్న, ఎల్సీ."

గడపలో నిలబడ్డ లీలమ్మ నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున అతను ఫ్యాక్టరీకి ఫోన్ చేసి కొన్నాళ్లు రానన్నాడు. వాకిట్లో ఎండ పడే చోట కుర్చీ వేశాడు. ఎల్సీని ఎత్తుకొచ్చి కూర్చోబెట్టి, తల దువ్వాడు.