ఆపా వాళ్లమ్మ ఫారం

నా చిన్నప్పుడు అని మొదలుపెడితే మా అమ్మాయి నవ్వుతుంది. ఇరవై ఒక్కేళ్లకు మీసాలతో విమానం దిగినవాడివి, నీకు చిన్నప్పుడేంటి అబ్బా అంటుంది. తన చేతిలో ఏముందో తనకు తెలియని వయసంతా చిన్నతనమే అని నా లెక్క. నా చేతిలో, అంటే నా యూనివర్సిటీ సంచిలో, ఒక ముసలామె ఎదురుచూపు ఎనిమిది నెలలు పడి ఉంది. పుస్తకాల మధ్య పెట్టుకుని రోజూ ట్రైన్లో మోసుకుని తిరిగాను.

మాది నంద్యాల. ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు. మెల్‌బోర్న్‌లో చదువుకోవడానికి వచ్చినప్పుడు, పడమటి వైపు ఫుట్‌స్క్రే దగ్గర ఒక సోమాలీ కుటుంబం ఇంట్లో వెనక గది అద్దెకు దొరికింది. హలాల్ వంటిల్లు, అయిదు పూటలా నమాజు ఉన్న ఇల్లు అని మా నాన్నకు ఉత్తరం రాస్తే ఆయన కుదుటపడ్డాడు. ఆ ఇంటావిడను నేను మా ఉర్దూలో అక్కను పిలిచినట్టు ఆపా అని పిలిచేవాణ్ణి. ఆమె భర్తను భాయ్‌జాన్ అనేవాణ్ణి. వాళ్లిద్దరూ నన్ను స్టూడెంట్ అని పిలిచేవాళ్లు. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ అప్పట్లో అంతంతమాత్రం. ఆ మాటల్ని ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.

భాయ్‌జాన్ వాళ్ల దేశంలో పెద్ద బళ్లో భూగోళం చెప్పిన పంతులు. ఇక్కడ కోళ్ల ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు వేసేవాడు. ముందు ఆయన ఒక్కడే వచ్చి పౌరసత్వం తెచ్చుకున్నాడు. ఆపా, పన్నెండేళ్ల కూతురు ఆ తర్వాత చాలా ఏళ్లకు, నేను చేరడానికి ఏడాది ముందు వచ్చారు. ఆపా వాళ్లమ్మ మాత్రం కెన్యాలో శరణార్థుల శిబిరంలోనే ఉండిపోయింది. ఆపా ఒక వృద్ధాశ్రమంలో గదులు శుభ్రం చేసేది. ఊరివాళ్ల ముసలితల్లుల పక్కలు మార్చి వచ్చి, తన తల్లిని ఎప్పుడు పిలిపిద్దామని ఇంట్లో భర్తను అడిగేది.

శనివారం మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక ముందు గదిలో కిటికీ తెరలు దించేవాళ్లు. నేల మీద పరుపులు, దిళ్లు. నలుగురైదుగురు మగవాళ్లు వచ్చి గోడకు చేరబడేవాళ్లు. తడి గుడ్డలో చుట్టిన ఖాత్ అనే మత్తాకు కట్టలు విప్పేవాళ్లు. లేత ఆకులు గిల్లి నమిలి, కిళ్లీ పెట్టుకున్నట్టు ఒక బుగ్గన దాచి, రసం మింగుతూ గంటల తరబడి కూర్చునేవాళ్లు. అప్పట్లో పర్మిట్ ఉంటే సొంత వాడకానికి తెప్పించుకోనిచ్చేవాళ్లు, ఇప్పుడు కుదరదు. అది హరామా కాదా అని అదే గదిలో, బుగ్గన అదే ఆకు పెట్టుకుని వాదించుకునేవాళ్లు. సారాయి కాదు కదా, తూలిపడం కదా, పెళ్లాలను కొట్టం కదా అని చివరికి తేల్చుకునేవాళ్లు. నేనూ తల ఊపేవాణ్ణి.

సోమాలీలంతా ఇంతే అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ వీధిలోనే ఆకు ముట్టని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మా నంద్యాలలో పేకముక్కలు చేసిన పని అక్కడ ఆకు చేసేది, అంతే తేడా. పైగా ఆ గదిలోకి నన్నెవరూ లాక్కుపోలేదు. కొత్త దేశంలో చలికి, ఒంటరితనానికి వణుకుతూ నా కాళ్లతో నేనే వెళ్లాను. మొదటి ఆకు చేదుగా, తుమ్మ బెరడు నమిలినట్టు ఉంది. గంట గడిచాక ఒళ్లు తేలికయింది. అక్కడ అందరూ గొప్పవాళ్లే. కోళ్ల ఫ్యాక్టరీలో పేరు కూడా సరిగ్గా పలకరు, ఇక్కడ పంతులుగారూ అని పిలిచేవాళ్లున్నారు. ఒకాయన ఓడలు కొనేవాడు, ఒకాయన ఊళ్లో బడి కట్టించేవాడు. భాయ్‌జాన్ ప్రతి శనివారం సోమాలీ పిల్లలకు కాలేజీ పెట్టేవాడు. నేను అందులో లెక్కల మాస్టర్ని. మాటలు కోటలు దాటుతాయి, కాళ్లు గడప దాటవు అని మా నానమ్మ అనేది. ఆ సామెత ఆ గదిలో ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆపాకు తన వృద్ధాశ్రమంలో పనిచేసే ఒకావిడ ఒక ఫారం తెచ్చి ఇచ్చింది. శిబిరంలో ఉన్న బంధువుల్ని పిలిపించుకోవడానికి ఇక్కడివాళ్లు నింపి పంపాల్సిన దరఖాస్తు అది. సంతకం పౌరసత్వం ఉన్నవాళ్లే పెట్టాలి, నేనే పెడతాను అన్నాడు భాయ్‌జాన్. ఆపా ఆ ఫారం తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"స్టూడెంట్, నువ్వు చదువుకున్నవాడివి. ఆయన్ని కూర్చోబెట్టి నింపించు. నేను అడిగితే కసురుకుంటాడు. నువ్వడిగితే వింటాడు."

"ఇన్షా అల్లా ఆపా, ఈ వారమే" అన్నాను.

శనివారం భాయ్‌జాన్ హుషారుగా ఉన్నప్పుడు ఆ సంగతి ఎత్తేవాణ్ణి. ఆయన కళ్లు మెరిసేవి. అత్తగారు వస్తే ఏ గది ఇవ్వాలి, ఆమె మోకాళ్లకు ఏ డాక్టరు, ఆమెను సముద్రం ఒడ్డుకు ఎప్పుడు తీసుకెళ్లాలి, అన్నీ చెప్పేవాడు. వింటుంటే ఆమె వచ్చేసినట్టే ఉండేది. రేపు పొద్దున్నే మొదటి పని అదే అనేవాడు. ఆకు నమిలిన రోజు నిద్ర పట్టదు. మర్నాడు దవడలు సలుపుతాయి, చిన్న శబ్దానికి కూడా కోపం వస్తుంది. ఆదివారం ఆయన గది తలుపు తెరిచేసరికి సాయంత్రమయ్యేది. నాదీ అదే కథ. సోమవారం నుంచి ఫ్యాక్టరీ, యూనివర్సిటీ. మళ్లీ శనివారం.

మా క్లాసులో గుంటూరు కుర్రాడొకడు ఉండేవాడు. వాడు ఒకసారి ఇంటికొచ్చి నా వాలకం చూసి నిర్ఘాంతపోయాడు. "ఏంట్రా ఇది, వీకెండ్ అంతా మేకలాగా ఆ ఆకే నములుతున్నావా? మండే అసైన్‌మెంట్ డ్యూ ఉంది, ఈసారి ఫెయిలైతే వీసా కూడా పోద్దిరా బాబూ" అన్నాడు. వాడికి కల్చర్ తెలియదని నవ్వి పంపించేశాను. ఆ సెమిస్టర్లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఆ మాట రాయలేదు.

ఆపా మాత్రం ప్రతి శనివారం మూడు గంటలకు ఫ్లాస్కు నిండా యాలకుల టీ పెట్టి, తలుపు బయట ఉంచి, రెండుసార్లు తట్టి వెళ్లిపోయేది. లోపలికి వచ్చేది కాదు. ఆ గది ఆడవాళ్లది కాదు. కూతురి బళ్లో మీటింగులకు, బియ్యం బస్తాలు మోయడానికి, చెడిపోయిన గీజరు కోసం ఫోన్లు చేయడానికి ఆమె ఒక్కతే. ఆ పిల్ల నాన్నని ఏదైనా అడగాలంటే శుక్రవారమే అడిగేది. శనివారం ఆయన అన్నిటికీ సరే అంటాడని, ఆదివారం అన్నిటికీ అరుస్తాడని దానికి లెక్క తెలిసిపోయింది.

నెలకోసారి శిబిరం నుంచి ఫోన్ వచ్చేది. ఒక శనివారం ఆ ఫోన్ మేము గదిలో ఉండగా వచ్చింది. ఆపా తీసి, కాసేపు మాట్లాడి, అమ్మ ఫారం సంగతి అడుగుతోంది అని తలుపు దగ్గర నిలబడి చెప్పింది. భాయ్‌జాన్ మంచి ఊపులో ఉన్నాడు. ఫోన్ అందుకుని గట్టిగా, పంపేశాం అమ్మా, అంతా అయిపోయింది అన్నాడు. నిజమేనా అన్నట్టు ఆపా కళ్లు నా వైపు తిరిగాయి. ముసలామె స్టూడెంట్‌తో మాట్లాడతానందట. ఫోన్ నా చేతికిచ్చారు. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. ఇద్దరికీ తెలిసిన మాట ఒకటే ఉంది. ఇన్షా అల్లా, ఇన్షా అల్లా అన్నాను. ఆమె ఆ మాటకు పొంగిపోయి నన్ను దీవిస్తూ దువాలు చదివింది. చేతకానితనానికి దేవుడి పేరు తొడిగి ఒక తల్లి చెవిలో వేశాను. అది విని ఆపా కూడా ఫారం వెళ్లిపోయిందనే నమ్మింది. సోమవారం నింపి పోస్టు చేసేద్దాం, అబద్ధం నిజమైపోతుంది అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆ సోమవారం నాకు పరీక్ష ఉంది.

అక్టోబరులో ముసలామె పోయింది. విరేచనాలు పట్టుకుని మూడు రోజుల్లో అయిపోయిందట. పక్క గుడారం మనిషి ఫోన్ చేసి చెప్పాడు. పోవడానికి కొన్ని వారాల ముందే ఆమె తన పొయ్యి, రెండు గిన్నెలు, నీళ్ల డబ్బా చుట్టుపక్కలవాళ్లకు పంచేసిందట. అల్లుడు కాగితాలు పంపాడు, నేను వెళ్లిపోతున్నాను, నాకెందుకివి అందట. పక్కవాళ్ల దగ్గర అన్నం తింటూ ఎదురుచూసిందట. ఆ మాట ఆపా మాకు చెబుతున్నప్పుడు భాయ్‌జాన్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఫారం ఇంకా నా సంచిలోనే ఉందని నేను ఒప్పుకోవాల్సి వచ్చింది.

మూడు రోజులు ఇంట్లో ఖురాన్ చదివారు. ఆడవాళ్లు వచ్చి ఏడ్చి వెళ్లారు. నాలుగో రోజు శనివారం. జొహర్ అయ్యాక అలవాటు చొప్పున భాయ్‌జాన్ ముందు గదిలో కూర్చున్నాడు. స్నేహితులు రాలేదు, ఆకు లేదు. నేనూ వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. ఆపా తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లలో ఆమె ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. తెరలు పక్కకు లాగింది. ఎండ కళ్లలో పడింది.

"స్టూడెంట్, ఫారం తీసుకురా."

"ఇప్పుడెందుకు ఆపా..."

"తీసుకురా."

సంచి అడుగున, పుస్తకాల కింద నలిగిపోయి దొరికింది. ఒక మూల టీ మరక కూడా ఉంది. మొదటి నుంచి నింపు అంది. పిచ్చిపట్టిందేమోనని భయపడ్డాను. ఆమె ముఖం చూస్తే పిచ్చి లేదు. కలం తీశాను.

పేరు చెప్పింది. తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు. పుట్టిన సంవత్సరం తెలియదు, పెద్ద కరువు తర్వాత వానలు బాగా పడిన ఏడాది అంది. ఆ ఏడాది ఏదో భూగోళం పంతులికి తెలుసు. గోడ వైపు చూస్తూనే అంకె చెప్పాడు. పిల్లలు తొమ్మిది మంది, బతికినవాళ్లు ముగ్గురు. ఉన్న ఊళ్లు వరుసగా రాయమంటే, ఇంటి నుంచి పారిపోయి నడిచిన ఊళ్లన్నీ ఒక్కొక్కటే చెప్పింది. ఈ మనిషిని మీరు ఎందుకు పిలిపించుకుంటున్నారు అని ఒక ప్రశ్న ఉంది. "నా కాన్పులన్నీ ఆమె చేతుల మీదే అయ్యాయని రాయి" అంది. రాశాను.

సంతకం దగ్గరికి వచ్చేసరికి కాగితం భాయ్‌జాన్ వైపు జరిపాను. ఆయన కలం పట్టుకున్నాడు కానీ చెయ్యి ఆడలేదు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడ్డ కూతురు వచ్చి, ఫారానికి ముందున్న సూచనల పేజీ తీసుకుని చదవడం మొదలుపెట్టింది. బడిపిల్ల కదా, ముందు సూచనలు చదవాలని దానికి నేర్పారు.

"మమ్, పర్మనెంట్ రెసిడెంట్ అయినా చాలని ఉంది ఇక్కడ" అంది ఇంగ్లీషులో. "నువ్వే సైన్ చెయ్యొచ్చు."

ఆపా ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే ఆ వీసా మీదే వచ్చింది. ఆ లైను మొదటి పేజీలో, పైనుంచి నాలుగో వరుసలో ఉంది. భాయ్‌జాన్ చదవలేదు. చదువుకున్నవాడినని ఆమె నా చేతిలో పెడితే నేనూ చదవలేదు. ఎనిమిది నెలల్లో ఏ రోజైనా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నేనూ ఆపా నింపేసి ఉండొచ్చు. ఆయన శనివారాలతో, ఆయన ఆదివారాలతో పనే లేదు.

ఆపా గోడ గడియారం చూసింది. ఎంతసేపు పట్టింది అని అడిగింది. గంటా పది నిమిషాలు అన్నాను.

"అంతేనా?" అంది.

ఆ మాటలో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. భాయ్‌జాన్ రెండు చేతులతో ముఖం కప్పుకుని పెద్దగా ఏడ్చాడు. ఆమె ఆయన వదిలేసిన కలం తీసుకుని, కష్టపడి నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలతో తన పేరు రాసింది. ఫారం మడిచి తీసుకుపోయింది. అప్పటికి మూడయింది. కాసేపటికి ఫ్లాస్కు తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టి వెళ్లింది. తిట్టి ఉంటే, గెంటేసి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. ఆ టీ తాగలేకపోయాను.

భాయ్‌జాన్ మూడు నెలలు ఆకు ముట్టలేదు. తర్వాత వేరే వాళ్లింట్లో కూర్చోవడం మొదలుపెట్టాడని విన్నాను. నేను మానేశానని గొప్పలు చెప్పను. ఇల్లు మారాను, దొరకలేదు, పోయింది. ఫారం పంపి ఉంటే ఆమె వచ్చేదని ఎవరూ చెప్పలేరు. ఇలాంటివాటికి ఏళ్లు పట్టేవి, చాలావాటిని తిప్పి పంపేవాళ్లు. ఈ సమర్థింపు నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కానీ ఆమె తన పొయ్యి పంచిపెట్టింది మా మాట నమ్మే. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు ఎవరికీ తగ్గించి చెప్పను. ఆకు మీదికి మొత్తం నెట్టేయడం కూడా నాకిష్టం లేదు. ఆకు మాకు తీపి మాటలు ఇచ్చింది, పని మానుకున్నది మేమే.

ఇప్పుడు మెల్‌బోర్న్‌లోనే, పడమటి శివారు ట్రుగనీనాలో ఉంటున్నాం. కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలు, మసీదులో పరిచయమైనవాళ్లు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తారు. తిన్నారా అని కూడా అడగకుండా ముందు సూచనల పేజీ తీస్తాను. రేపు వస్తాం అంకుల్ అంటే వెళ్లనివ్వను. కొందరు విసుక్కుంటారు కూడా. అయిపోయాక, మీలాంటివాళ్లు ఉండబట్టే అంకుల్ అని చేతులు పట్టుకుంటారు. నాకు ఈ పేటలో మంచివాడని పేరుంది. ఒక ముసలామె ఖాళీ గుడారంలో ఎదురుచూసి పోతే నాకొచ్చిన పేరది.