మాస్టారి కిరీటం బరువు

2022వ సంవత్సరం, శ్రావణమాసం. తెనాలిలో మా ఇంటి ముందుగదే నా పనిగది. నాటకాల వాళ్లకూ డాన్సు నేర్చుకునే పిల్లలకూ వేషాల మీదికి కావలసిన రాళ్ల నగలు చేస్తాను. కిరీటాలు, భుజకీర్తులు, వడ్డాణాలు, జడబిళ్లలు. మా నాన్న ఇదే పని గాజురాళ్లతో, అద్దం ముక్కలతో చేసేవారు. నేను పదేళ్లుగా రెజిన్‌తో చేస్తున్నాను.

రెజిన్ అంటే పల్చటి తేనెలా ఉండే ద్రవం. దానిలో హార్డెనర్ అనే రెండో ద్రవం సరిగ్గా తూచి కలిపితే ఒక రోజులో రాయిలా గట్టిపడుతుంది. కలిపినప్పుడే రంగు వేసి, రబ్బరులా మెత్తగా ఉండే సిలికాన్ అచ్చుల్లో పోస్తాం. ఆరాక తీసి, వెనకవైపు వెండిరంగు ఫాయిల్ అంటిస్తే లైటు పడగానే మెరుస్తుంది. గాజురాయి బరువులో సగం కూడా ఉండదు. నేను చేసిన ఎర్రరాయినీ గాజు ఎర్రరాయినీ పక్కపక్కన పెట్టి నాలుగో వరసలో కూర్చున్న మనిషిని అడిగితే తేడా చెప్పలేడు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

ఆ శ్రావణంలో ఒక ఉదయం రేపల్లె పాసింజరు దిగి ఇద్దరు భార్యాభర్తలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఆయన సాంబశివరావు మాస్టారు. రిటైరైన లెక్కల టీచరు. ముప్పై ఏళ్లుగా పద్యనాటకాల్లో రాజు వేషం కడుతున్నారు. ఆవిడ భారతిగారు. చంకలో పెద్ద గోనెసంచీ పెట్టుకుని ఆవిడే ముందు నడిచారు.

సంచీలోంచి కిరీటం తీసి బల్ల మీద పెట్టారు. ఇత్తడిరేకు మీద ఒత్తుగా గాజురాళ్లు పొదిగిన పాతకాలపు పని. చేతిలోకి తీసుకోగానే నా మణికట్టు కిందికి వంగింది. వంటింట్లోంచి కాటా తెచ్చి తూచాను. రెండు కిలోల మూడు వందల గ్రాములు.

"ఇదమ్మా సంగతి," అన్నారు భారతిగారు. "ఈయనకి మెడపూసల మధ్య నరం నొక్కుకుపోయింది. ఎడంచెయ్యి తిమ్మిరెక్కిపోతుంది. గ్లాసు పట్టుకుంటే జారిపోతుంది. ఇక ఈ బరువు నెత్తిన పెడితే చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు."

"గట్టిగా ఏం చెప్పలేదు," అన్నారు మాస్టారు.

"గట్టిగానే చెప్పారు. నేనూ అక్కడే ఉన్నాగా."

మాస్టారు నావైపు తిరిగారు. "అక్టోబరులో బాపట్లలో నాటక పోటీలున్నాయమ్మా. మా సమాజం వాళ్లు వేషం ఇంకొకరికి ఇద్దామంటున్నారు. నా ఆరోగ్యం కోసమేలే, చెడ్డవాళ్లు కాదు. తేలిక కిరీటం దొరికితే నేనే కడతానని చెప్పొచ్చాను. నీ గురించి చుండూరులో ఒకాయన చెప్పాడు."

"ఈ కిరీటం పెట్టుకుని మాత్రం స్టేజీ ఎక్కితే," అన్నారు భారతిగారు, "నేను కూడా ఎక్కి అందరి ముందూ తీసేస్తాను. ఆ మాట ఆయనకీ తెలుసు."

ఆవిడ నవ్వకుండా అన్నారు. మాస్టారు కూడా నవ్వలేదు.

"ఏడు వందల గ్రాములు దాటకుండా చేసిస్తాను పిన్నిగారూ," అన్నాను. "చూసేవాళ్లకి ఇదే కిరీటంలా ఉంటుంది." నాకు ఏ అనుమానమూ లేదు. అలాంటివి అంతకుముందు చాలానే చేశాను.

పాత కిరీటం నుంచి ఒక్కొక్క రాయినీ ఊడదీసి, ఆకారాల వారీగా వేరుచేసి, వాటి మీదే సిలికాన్ పోసి అచ్చులు తీశాను. చట్రానికి ఇత్తడిరేకు మానేసి, సన్నటి తీగ మీద ఫోమ్ షీటు వాడాను. ఫోమ్ షీటు చెప్పుల అడుగున వేసే స్పాంజిలాంటిదే, ఇంకాస్త గట్టిగా ఉంటుంది. దాన్ని వేడిచేసి వంచి బంగారురంగు వేస్తే రేకు కాదని ఎవరూ అనుకోరు.

మొదటి దెబ్బ వానల వల్ల తగిలింది. వాయుగుండం పట్టి నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. రెజిన్‌కి గాలిలో తేమ పడదు. ఎర్రరాళ్లు నలభై పోశాను. మర్నాడు అచ్చుల్లోంచి తీస్తే పైన తెల్లటి పొర కట్టి, ముట్టుకుంటే వేలికి అంటుకుంటున్నాయి. వాటిని తుడిచి, పాలిష్ పెట్టి నెట్టుకురావచ్చు. కానీ వారం తిరిగేసరికి మళ్లీ మసకబారతాయి. నలభైనీ చెత్తబుట్టలో పడేశాను. పాత చెక్కబీరువాలో కింది అర ఖాళీచేసి, అందులో అరవై క్యాండిల్ బల్బు వెలిగించి, అచ్చులు ఆ వెచ్చదనంలో పెట్టి తలుపు మూశాను. రెజిన్ సీసాలను కూడా కలిపేముందు గోరువెచ్చటి నీళ్లలో ఉంచాను. ఈసారి రాళ్లు అద్దంలా వచ్చాయి. వానాకాలంలో ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

కిరీటం పూర్తయ్యాక తూస్తే ఆరువందల నలభై గ్రాములు. మాస్టారు వచ్చి పెట్టుకుని, మా అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. "తల మీద ఉందా లేదా అన్నట్టుందమ్మా," అని సంతోషంగా పట్టుకెళ్లారు. నేనూ సంతోషించాను. నా దృష్టిలో ఆ పని అయిపోయింది.

పది రోజుల తర్వాత భారతిగారు ఫోన్ చేశారు.

"రజియా, ఈయన వేషం వదిలేస్తానంటున్నారమ్మా."

"అదేంటి పిన్నిగారూ? నొప్పి వస్తోందా?"

"నొప్పి లేదు, ఏం లేదు. రెండు రిహార్సల్స్ అయ్యాయి. రాజులా లేదని సమాజం వాళ్లే అన్నారు. ఈయనకీ అలాగే అనిపించిందట. ఇంటికొచ్చి కిరీటం గూట్లో పెట్టేసి, నా పని అయిపోయిందే భారతీ అన్నారు. ముప్పై ఏళ్లలో ఆ మాట ఎప్పుడూ అనలేదు."

నాకు మొదట కోపమే వచ్చింది. నా పనిలో లోపం లేదు. రాళ్లు మెరుస్తున్నాయి, బరువు తగ్గింది, కొలత కుదిరింది. ఇంకేం కావాలి? రాజులా లేకపోతే అది ఆయన నటనకు సంబంధించిన సంగతి, నాకేం సంబంధం? ఆ పూట అలాగే అనుకున్నాను. కానీ ఆవిడ గొంతు మర్నాటికి కూడా నన్ను వదల్లేదు. పొద్దున్నే పాసింజరెక్కి రేపల్లె వెళ్లాను.

వాళ్ల వసారాలో మాస్టారు నాకోసం కిరీటం పెట్టుకుని ఒక పద్యం ఎత్తుకున్నారు. గొంతు గంటలా ఉంది. పద్యం మధ్యలో శత్రువు పేరు విని ఇటు తిరగాలి. ఆయన తల చటుక్కున తిరిగింది. వెనక బెంచీలో ఎవరో మాట్లాడితే లెక్కల మాస్టారు తిరిగి చూసినట్టుంది. నాలుగడుగులు నడిచారు. బడికి ఆలస్యమైన మనిషి నడకలా ఉంది. నాటకం గురించి నాకు పెద్దగా తెలియదు. అయినా నా కళ్లకే తెలిసింది.

"చూశావుగా," అని ఆయన కిరీటం తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "నీ పనిలో తప్పేం లేదమ్మా. నాలోనే అయిపోయింది."

"పాత నాటకం వీడియో ఏదైనా ఉందాండి?" అని అడిగాను.

భారతిగారి ఫోన్లో మూడేళ్ల కిందటిది ఒకటుంది. పాత కిరీటంతో ఆడినది. దాన్ని నేను ఐదారుసార్లు చూశాను. నగలు చేసేదాన్ని కాబట్టి మొదటి రెండుసార్లూ నా చూపు రాళ్ల మీదికే పోయింది. మూడోసారి నడుము వైపు చూశాను. ఆ వీడియోలో మాస్టారు ఎక్కడా తల ఒక్కటే తిప్పలేదు. రెండు కిలోల పైన నెత్తిన ఉంటే తల తిప్పలేరు కదా. శత్రువు వైపు తిరగాలంటే నడుము దగ్గర మొదలుపెట్టి ఛాతీ, భుజాలు, ఆ తర్వాతే తల, అన్నీ ఒక్క కదలికగా తిరిగాయి. అడుగు కూడా నేలను చూసుకుని వేసినట్టు నిదానంగా పడింది. జనం ముప్పై ఏళ్లుగా చూసి రాజసం అన్నది అదే. ఆ బరువే ఆయనకు నడక నేర్పింది, ఆ బరువే నరాన్ని నొక్కేసింది. నేను రెండింటినీ కలిపి తీసేశాను.

ఆ మాట చెబితే మాస్టారు ఫోన్ తీసుకుని తనూ చూశారు. ఆ తిరిగే చోటును వెనక్కి జరిపి మళ్లీ చూశారు.

"అంటే మళ్లీ బరువు పెడతావా?" అన్నారు భారతిగారు. ఆవిడ గొంతు మారింది.

"మెడ మీద కాదు పిన్నిగారూ. మీ ఇంట్లో కందిపప్పు ఎంత ఉంది?"

ఆవిడ నన్ను వింతగా చూసి లోపలికెళ్లి రెండు అరకిలో పాకెట్లు తెచ్చారు. పొడుగాటి తువ్వాలులో రెండింటినీ చుట్టి, మాస్టారి తుంటి మీద ఆ పక్కొకటి, ఈ పక్కొకటి వచ్చేలా బిగించి కట్టాం. పైన కొత్త కిరీటం పెట్టాను.

"ఇప్పుడు నడవండి మాస్టారూ."

"పప్పు కట్టుకునా?"

"పప్పు కట్టుకునే."

రెండడుగులు వేసి ఆగారు. మళ్లీ వేశారు. మూడోసారి వసారా చివరిదాకా నడిచి వెనక్కి తిరిగారు. నడుము దగ్గర మొదలైంది ఆ తిరగడం. చొక్కా, లుంగీ, పప్పుపొట్లాలు, అయినా భారతిగారు గడపలో నిలబడ్డవారు ఒక అడుగు వెనక్కి వేశారు. మాస్టారు పద్యం ఎత్తుకున్నారు. ఈసారి చివరిదాకా పాడారు.

అయిపోయాక ఆవిడ మెల్లగా అడిగారు. "చెయ్యి ఎలా ఉంది?"

ఆయన ఎడంచేతి వేళ్లు ముడిచి తెరిచి చూసుకున్నారు. "బాగానే ఉందే."

ఆ సాయంత్రమే డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగారు. నడుము మీద ఆ మాత్రం బరువుతో ఇబ్బంది లేదు, మెడ మీద మాత్రం వద్దన్నారట.

ఆ బరువును రాజు వేషపు వడ్డాణంలో దాచాలనుకున్నాను, కానీ అందులో పప్పు పెట్టలేం కదా. ఇనుపముక్కలు పెడదామంటే వంగవు, గుచ్చుకుంటాయి. దారి భారతిగారే చూపించారు. వాళ్ల వీధిలో వలలు అల్లేవాళ్లున్నారు. వల నీళ్లలో మునగడానికి అంచున కట్టే సీసపుగుళ్లు ఒక గుడ్డసంచీలో పోయించి తెచ్చారు. శనగగింజంత ఉంటాయి. నడుముకు ఎటు వంచితే అటు సర్దుకుంటాయి. సీసం ఒంటికి తగలకూడదు కాబట్టి రెండు పొరల మందపాటి గుడ్డలో, చిన్నచిన్న గదులుగా కుట్టి, ఆ పట్టీని వడ్డాణం లోపల దాచాను. పైన రెజిన్ రాళ్లు పొదిగాను. మొదట కిలోన్నర పెడితే ఎక్కువైంది. గుళ్లు కొంచెంకొంచెం తీస్తూ, ఆయన నడుస్తూ, మూడుసార్లు సరిచూశాక కిలో రెండువందల దగ్గర ఆగాం. ముందుకంటే వెనక కొంచెం ఎక్కువ పెడితే ఆయన ఛాతీ దానంతటదే నిటారుగా లేచింది. అది లెక్కవేసి పెట్టింది కాదు. మూడోసారి గుళ్లు సర్దుతుంటే అలా కుదిరింది.

అక్టోబరులో బాపట్ల వెళ్లాను. వాళ్ల వంతు మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. భారతిగారూ నేనూ నాలుగో వరసలో కూర్చున్నాం. తెర లేచినప్పుడు నేను అలవాటుగా రాళ్లు చూశాను. లైట్లకు బాగా మెరిశాయి. ఆ తర్వాత రాళ్ల సంగతి మరిచిపోయాను. శత్రువు పేరు వినగానే మాస్టారు తిరిగారు. నడుము, ఛాతీ, భుజాలు, ఆ తర్వాతే తల. పక్కన భారతిగారు నా చెయ్యి పట్టుకుని నాటకం అయ్యేదాకా వదల్లేదు. ఆవిడ పద్యాలేమీ వినలేదని తర్వాత చెప్పారు. ఆయన ఎడంచెయ్యినే చూస్తూ కూర్చున్నారట.

ఉత్తమ నటుడి బహుమతి ఆయనకు రాలేదు. వేరే ఊరి సమాజంలో ఒక యువకుడికి ఇచ్చారు. ఆ అబ్బాయి నిజంగానే బాగా చేశాడు. మేకప్ గదికి వెళ్లేసరికి మాస్టారు మొహాన రంగుతోనే కూర్చుని టీ తాగుతున్నారు.

"ఇంకో నాలుగేళ్లు ఆడతాను," అన్నారు నన్ను చూసి.

"రెండేళ్లు," అన్నారు భారతిగారు.

"మూడు."

ఆవిడ వంగి ఆయన నడుము నుంచి వడ్డాణం విప్పడం మొదలుపెట్టారు. మూడేళ్లకు ఒప్పుకున్నట్టేనని నాకు అర్థమైంది.

అంతవరకూ ఎవరు వచ్చినా నేను నగను చూసేదాన్ని. కొలత, రంగు, మెరుపు, బరువు, ఇవి కుదిరితే నా పని కుదిరినట్టే అనుకునేదాన్ని. ఆ నగ తొడుక్కున్న మనిషి దానివల్ల ఎలా నిలబడుతున్నాడో, ఎలా తిరుగుతున్నాడో చూడడం నా పనిలో భాగమని నాకు తట్టలేదు. పాతవాళ్లు బరువుగా చేశారంటే తేలిక సామాను దొరక్కే అనుకున్నాను. కొంత నిజమే. కానీ ఆ బరువు చేసే పని ఒకటుందని తెలుసుకోకుండా దాన్ని తీసేయడం నా తొందరపాటు. ఇప్పుడు ఎవరైనా కొత్త నగ కావాలని వస్తే వెంటనే కాటా తియ్యను. పాతది పెట్టుకుని ఈ గదిలో నాలుగడుగులు వేసి చూపించమంటాను.

మొన్న కర్లపాలెం నుంచి ఒక డాన్సు టీచరమ్మ జడబిళ్లలు తేలికగా చేయించుకుందామని వచ్చింది. ఆడి చూపించమన్నాను. గుండ్రంగా తిరిగి ఆగినప్పుడు ఆ బరువైన జడ ఒక క్షణం ఆలస్యంగా వచ్చి వీపుకు తగిలింది. ఆ తగిలిన చోటే ఆమె తర్వాతి అడుగు మొదలైంది. "పైబిళ్లలు తేలికగా చేస్తాను, చివరిది మాత్రం ఇలాగే ఉంచుదాం," అన్నాను. ఆమె జడ చివరను చేత్తో తూచి చూసుకుని, "అవునండి, ఇది నాకు కావాలి," అంది.