సీసా మీద లేని పేరు

మంగళవారం ఉదయం సెంగ్‌కాంగ్‌లోని ఇంటి నుంచి ఆంటీ ఫోన్ చేసి, తన భర్త, నా గురువు కోటేశ్వరరావు గారు ఇక లేరన్నారు. మధ్యాహ్నం మా కంపెనీ పంపిన సంతాప సందేశం చదివాక రోత పుట్టింది. ఆయన తమ కుటుంబ సభ్యుడట! మూడేళ్ల క్రితం ఆ కుటుంబంలోంచి సాగనంపింది వీళ్లే.

స్కాచ్ విస్కీ దిగుమతి చేసుకునే పాయా లేబర్‌లోని మా ఆఫీసులో పాతికేళ్లపాటు ఏ పీపా కొనాలో తేల్చింది ఆయన ముక్కే. గుంటూరులో పొగాకు వాసన చూసి రకం చెప్పే తండ్రి దగ్గర అబ్బిన విద్య అది. చుక్క అరచేతిలో వేసుకుని, రుద్ది, కళ్లు మూసుకునేవారు. ఒక్క గుటకైనా మింగి ఎరుగరు. అయినా ఇక్కడి మన తెలుగువాళ్లు చాటున ఆయన్ను మందు రావు అనే పిలిచేవారు.

నాకు పని నేర్పుతూ ముందుగా ఒక డిస్టిలరీ కథ చెప్పారు. స్కాట్లండ్ ఉత్తర తీరంలో చిన్నది. గిరాకీ లేక యజమానులు తాళం వేసి పోతే, ఒక ముసలి పనివాడు జీతం లేకుండానే రోజూ గోదాములో పీపాలు తట్టి, కారుతున్నాయేమో చూసేవాడట. "యజమాని వదిలేసినా సరుకును వదల్లా. పనితనమంటే అదయ్యా" అనేవారు.

ఆ డిస్టిలరీ మళ్లీ తెరిచిన తొలి రోజుల్లో నింపిన ఒక పీపాను ఆయన ఎంచారు. ఆ ఒక్క పీపా నుంచి వచ్చేవే సీసాలు, మరొకటి కలపరు. పచ్చి ఘాటు పోవడానికి ఇంకో రెండేళ్లు ఆగాలన్నారు. సీసా లేబుల్ మీద ఎంపిక చేసినవారిగా తన పేరు వేయమని కోరారు. పాతికేళ్లలో ఆయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అంతలో ఆయనకు కోవిడ్ వచ్చి తగ్గింది. "కాఫీ వాసన కూడా తెలియట్లా. ఎవరికీ చెప్పమాక" అన్నారు నాతో. నేను పైవాళ్లకు చెప్పాను. ఆయన్ను సాగనంపారు, ఆయన కుర్చీ నాకు దక్కింది. ఆ రెండేళ్లు ఆగకుండా పీపాను సీసాల్లోకి దించేశాం. ఎంపిక చేసినవారి చోట నా పేరు పడింది.

సిగ్గులేకుండా ఒక సీసా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. లేబుల్ రెండుసార్లు చదివారు. పేరు ఊసెత్తలేదు. చుక్క అరచేతిలో రుద్ది, తన ముక్కు దగ్గరికి కాక నా ముక్కు దగ్గరికి చెయ్యి చాచారు.

"నువ్వే చెప్పు. తొందరపడ్డారా?"

పచ్చి ఘాటు గుప్పుమంది. బాగా కుదిరిందండీ అన్నాను. ఆయన తృప్తిగా తలూపారు.

ఇప్పుడు కంపెనీవాళ్లు నివాళిగా మిగిలిన సీసాలకు ఆయన పేరుతో కొత్త లేబుల్ అంటిస్తారట. వద్దని రాసిచ్చాను. అటువంటి ముక్కు మాకు మళ్లీ దొరకదు. ఆ ముక్కు ఒప్పుకోని సరుకు మీద ఆయన పేరు ఉండకూడదు. గురువుగారూ, ఆ పచ్చి వాసన నాది, నా పేరే ఉండనివ్వండి.